నవ్వే బొమ్మ

సోమవారం, డిసెంబర్ 8

నాయినా,

ఇక్కడ మూడు రోజులుగా మంచు వదలడం లేదు. పొద్దెక్కినా ఎదురుగా ఉన్న గుట్ట కనిపించదు. హాస్టల్ ఆడపిల్లలు చీకటితోనే లేచి బోరింగు దగ్గర వరసకట్టి చన్నీళ్ళు పోసుకుంటారు. తర్వాత ప్రార్థన, వాకిలి ఊడ్వడం, వంటింటికి కట్టెలు మోయడం. ఆ తర్వాతే నాస్తా. నేను కట్టెలు మోసేవాళ్ళతో కలిసి నడుస్తున్నాను. గదిలో కూచోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు తలమీద మోపు ఉంటే మాట్లాడతారు. మన చేలో ఈపాటికి తొలి కాపు ఎర్రబడి ఉంటుంది. కూలీలు దొరికారా?

ఫోను చేస్తే నీకు వినపడదు. దీప వదిన విని నీకు అరిచి చెప్తుంది, వీధంతా వింటుంది. ఇది వీధికి చెప్పే మాట కాదు కాబట్టి రాస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చే జీపు నాగరాజు కాగితం విప్పి చూసే మనిషి కాదు. చెవిన పడిన మాటను మాత్రం కొంటా చేరేలోపు అందరికీ పంచుతాడు. మొన్న నన్ను దింపుతూ అడిగాడు: "మేడం, మీరు సూది వేయరు, గోలీ ఇయ్యరు. ఊరికే మాట్లాడేదానికి జీతమా? అట్లయితే మా ఇంటిదాన్ని పెట్టుకోమనండి, రాత్రి పగలు మాట్లాడతది."

నువ్వూ అదే అడిగావు, బీజాపూర్‌లో నెల రోజులు ఏం నేర్పారని. చెప్తాను. జబ్బు ఉన్న పిల్లలు బడిలో ఎట్లా నిలబడాలో చూసే పనికి మమ్మల్ని తయారు చేశారు. మాకు నేర్పిన సుధారాణి మేడం బచేలి గనుల కాలనీలో పెరిగిన మనిషి, మానసిక శాస్త్రం చదివింది. మొదటి రోజే చెప్పింది: "జబ్బును డాక్టరు చూస్తారండీ. జబ్బుతో బడికి రావడం ఎట్లాగో మనం చూడాలి." మూర్ఛ వచ్చిన పిల్లవాడు మర్నాడు తరగతిలోకి అడుగుపెట్టినప్పుడు మిగతావాళ్ళకు ఏం చెప్పాలి, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన పిల్ల పోయిన పాఠాలు చూసి బెదిరిపోకుండా ఏం చేయాలి, ఊపిరి ఆడని పిల్లను బద్దకం అని తిట్టే టీచరుతో ఎట్లా మాట్లాడాలి. ఒకరం పిల్ల అయ్యి, ఒకరం కౌన్సిలర్ అయ్యి ఆడి చూపించాలి. ఆడటం నాకు బాగా వచ్చిందని మేడం మెచ్చుకుంది. నొప్పి లేనట్టు ఉండటం నాకు ఎవరు నేర్పారో ఆమెకు తెలియదు.

నొప్పి అడగడానికి మాకొక అట్ట ఇచ్చారు. దానిమీద ఆరు మొఖాలు. ఒక చివర నవ్వే బొమ్మ, రెండో చివర ఏడ్చే బొమ్మ. మాట రాని పిల్ల అయినా వేలు పెట్టి చూపించవచ్చు. ఇక్కడికి వచ్చిన వారంలోనే అందరినీ అడిగాను. అందరూ నవ్వే బొమ్మ మీదే వేలు పెట్టారు. ఈ బడిలో నొప్పి ఉన్న పిల్ల లేదని బీజాపూర్‌కు కబురు పంపాను.

శుక్రవారం ప్రార్థనలో ఒక పిల్ల తగ్గింది. పేరు సోమి, ఐదో తరగతి, దోర్లా తెగ పిల్ల. వంటింటి వెనక, పొయ్యిలోంచి తీసి పోసిన వెచ్చటి బూడిద పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. మోకాళ్ళు వాచాయి. కళ్ళు పచ్చగా ఉన్నాయి. అట్ట చూపించాను. వేలు తెచ్చి నవ్వే బొమ్మ మీదే పెట్టింది నాయినా.

"ఎందుకు ఇది చూపిస్తున్నావు?" అని వాళ్ళ దోర్లీ భాషలో అడిగాను.

"ఏడ్చే బొమ్మ చూపిస్తే జీపు ఎక్కిస్తరు," అంది.

ఇక్కడి పద్ధతి అది. పిల్లకు ఒళ్ళు బాగాలేదంటే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. హాస్టల్ చూసే పూనం మేడం చెడ్డ మనిషి కాదు, పిల్లలు తిన్నాకే తను తింటుంది. కానీ ఆమె ఇక్కడికి రాకముందు ఇంకో హాస్టల్‌లో ఒక పిల్ల జ్వరంతో పోతే అక్కడి మేడం ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి ఈమె ఎవరినీ ఒక్క రాత్రి కూడా ఉంచదు. "బచ్చీకి ఏమన్నా అయితే జవాబు చెప్పేది నేను, నువ్వు కాదు," అంటుంది. అట్లా వెళ్ళిన వాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. పిల్లలు చూసి నేర్చుకున్నారు. నొప్పి ఉందా అంటే లేదనాలి.

సోమికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉందని కొంటా ఆసుపత్రిలో ముందే తేల్చారు, గోలీలు కూడా రాశారు. పిల్ల ఆ గోలీలు పెట్టె అడుగున దాచుకుని దొంగతనంగా మింగుతోంది.

నేను హాస్టల్‌లో చేరిన రోజు నువ్వు గేటు దగ్గర నా రిబ్బను సరిచేసి చెప్పిన మాట నాకు గుర్తుంది. "ఎవరడిగినా నొప్పి లేదని చెప్పు బిడ్డా." అప్పుడు నాకు అట్ట లేదు, నా మొఖమే చూపించాను. చలికాలం రాత్రులు దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. నాది కూడా సోమి రోగమే అని మన ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నీ మాట నన్ను చదివించింది, అది కాదనను. అదే మాట ఈ పిల్లను చంపేట్టు ఉంది.

అందుకని నేను ఒకటి అనుకున్నాను. వచ్చే ఆదివారం వీరేందర్ వాళ్ళు సంబంధం ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు కదా. వాళ్ళకు నా సంగతి చెప్పాలి. అతను కూడా రక్తం పరీక్ష చేయించుకోవాలి. అతనిలో కూడా ఇది ఉంటే మాకు పుట్టే పిల్లలకు రావచ్చు. నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను. అడగడం లేదు, తెలియజేస్తున్నాను.

నీ బిడ్డ,
రేణుక


బుధవారం

రేణుకమ్మకు,

మంచు ఇక్కడా ఉంది. మిరప ఎర్రబడింది. కూలీలు నది అవతలి ఒడ్డుకు పోతున్నారు, మనకు దొరకలేదు. నేనూ నీ అన్నా కోస్తున్నాం.

నీ ఉత్తరం చదివాను. నువ్వు నోరు జారకు. సంబంధం కుదరనీ. పెళ్ళయ్యాక తెలిస్తే తెలుస్తుంది, అప్పుడు ఎవరూ వదిలిపెట్టిపోరు. వీరేందర్ మేనమామ భూషణం మాట పట్టింపు మనిషి. ఒక్కసారి రోగం అన్న మాట బయట పడితే ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా నీకు ఇంకో సంబంధం రాదు. మీ అమ్మ ఉంటే ఇదే చెప్పేది.

ఆ పిల్లకు తండ్రి ఉన్నాడు కదా. వాడి బిడ్డను వాడు చూసుకుంటాడు. నా బిడ్డను నేను చూసుకోవాలి.

స్వెటర్ వేసుకో. నీళ్ళు తాగు.

రాఘవులు


శనివారం, సాయంత్రం

నాయినా,

నీ ఉత్తరం అందింది. స్వెటర్ వేసుకున్నాను. నీళ్ళు తాగుతున్నాను. మిగతాది వినలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎందుకంటే నాగరాజు నోటి నుంచి ఇంకోలా వస్తుంది.

నీకు రాసిన మర్నాడే బోరింగు దగ్గర పేచీ పెట్టుకున్నాను. అన్నం వండే పెద్ద గిన్నెలో నీళ్ళు కాయించి సోమికి, ఇంకో ఇద్దరు నొప్పుల పిల్లలకు పోయించాను. పూనం మేడం వచ్చి, "ఇక్కడ అందరికీ ఒకే రూల్," అంది. "సరే, అయితే అందరికీ కాయిద్దాం," అన్నాను. కట్టెలు చాలవంది. ఆ సాయంత్రం పెద్ద పిల్లలు అడగకుండానే ఒక మోపు ఎక్కువ తెచ్చి వంటింటి ముందు పడేశారు. మేడం వాటిని చూసి, లోపలికి వెళ్ళి సోమి తండ్రికి కబురు పెట్టింది, వచ్చి పిల్లను తీసుకుపొమ్మని.

నేను గుట్ట ఎక్కి, సిగ్నల్ దొరికే రాయి మీద నిలబడి సుధారాణి మేడంకు ఫోను చేశాను. జీపు మాట చెప్పాను. "ఆ అట్ట లోపల పెట్టేయండి. నిజం చెబితే నష్టం జరిగే చోట నిజం అడగకూడదు. ముందు ఆ జీపు సంగతి తేల్చండి," అంది. నాకూ ఆ రోగం ఉందని అప్పుడే చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది: "పిల్లల ముందు మీ కథ పెట్టకండి రేణుకా. వాళ్ళు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆ బరువు వాళ్ళది కాదు." ఆ మాట నాకు నచ్చింది. పిల్లల ముందు పెట్టలేదు. పెద్దవాళ్ళ ముందు పెట్టాను.

ఈ మధ్యాహ్నం సోమి తండ్రి సుక్కా వచ్చాడు, అడవిదారిన నడిచి. మన వైపు మిరప కోతలకు వచ్చిపోయే మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. గేటు లోపలికి కూడా రాకుండా, "బిడ్డా, సంచి తెచ్చుకో, పోదాం," అని కేకేశాడు.

నేను అడ్డం నిలబడ్డాను. "కొంచెం ఆగు సుక్కన్నా."

"ఆగి ఏం జెయ్యాలె? పెద్దదాన్ని ఇట్లనే ఆపిన్రు. జరం తగ్గుతది, ఆగు అన్నరు. నాకు కబురొచ్చేసరికి మట్టిల పెట్టిన్రు. నా సుక్కి మొఖం నేను సూడలే. దీన్ని నా కండ్ల ముందట ఉంచుకుంట."

జ్వరంతో పోయిన ఆ పిల్ల ఈయన పెద్దబిడ్డే అని అప్పటిదాకా నాకు తెలియదు. పూనం మేడంకు భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన భయమూ అక్కడి నుంచే వచ్చింది. నాకు తెలిసింది చెప్పాను. ఇది ఇంటికి పోతే పోయే నొప్పి కాదన్నాను. చలికి వస్తుంది, నీళ్ళు తక్కువైతే వస్తుంది, ఇంటి దగ్గరా వస్తుంది. గోలీ రోజూ వేయాలి. ఒళ్ళు కాలినా రొమ్ము నొప్పి అన్నా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, ఇక్కడైతే జీపు ఉంది, మీ ఊరికి దారే లేదు. ఈసారి జీపు ఇంటికి కాదు, ఆసుపత్రికి పోతుంది, నీకు కబురు ముందే వస్తుంది అన్నాను.

ఆయన అంతా విన్నాడు. "మీరందరు సెప్తరు," అన్నాడు. "దవాఖాన సారు సెప్తడు, మా పూజారి వడ్డె సెప్తడు, బడి మేడం సెప్తది. ఎవరి మాట వాళ్ళదే. మీ ఇంట్ల ఉన్నదా ఈ రోగం? మీ బిడ్డలకు వచ్చిందా?"

"నాకే ఉంది," అన్నాను.

నాగరాజు అప్పుడే జీపు ఆపి చాయ్ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూచున్నాడు. ఆ గ్లాసు అట్లాగే నోటి దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు నీకు అర్థమైంది కదా, ఆ మాట ఎంత దూరం పోతుందో. నాకు కూడా ఆ క్షణంలోనే తెలుసు. అయినా ఆపుకోలేదు. ఇన్నేళ్ళు ఆపుకున్నాను, ఇక చాలు.

సుక్కా నమ్మలేదు. "అబద్దం. నువ్వు గట్టిగనే ఉన్నవ్." నా గదుమ పట్టుకుని వెలుతురులోకి తిప్పి, సంతలో ఎద్దును చూసినట్టు కంటి కింది రెప్ప లాగి చూశాడు. తర్వాత సోమిని పిలిచి దాని రెప్ప లాగి చూశాడు. మళ్ళీ నాది. "రెండూ పసుపే," అన్నాడు.

పూనం మేడం మొఖం ఎర్రబడింది. "నాకు ఒక్క మాట చెప్పలేదేం? రేపు నీకేమన్నా అయితే దానికి కూడా నేనే జవాబు చెప్పాలా?" అంది.

"నన్ను కూడా జీపు ఎక్కిస్తారా మేడం?" అని అడిగాను. నాగరాజుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. మేడం అటు తిరిగింది. "తండ్రి నా ముందు నిలబడి ఉంచమని చెప్తే ఉంచుతాను. ఆయన మాట కావాలి నాకు. నీ మాట కాదు," అంది. అది న్యాయమే.

సుక్కా మెట్టు మీద కూచున్నాడు. చివరికి అడిగాడు. "మీ అయ్య ఎవరు?" చెప్పాను. "మిరప చేండ్ల రాఘవులా? ఆ చెవిటాయనా?" అన్నాడు. అవునన్నాను. "చదువుకున్నోళ్ళ మాట నేను నమ్మ. బిడ్డను కన్నోడు చెప్తే నమ్ముత. నేనే పోయి అడుగుత. అవునంటే సోమి ఈడ్నే ఉంటది. కాదంటే సోమారం వచ్చి తీసుకపోత." పూనం మేడం సోమవారం దాకా ఆగుతానంది.

కాబట్టి రేపు పొద్దున ఈ ఉత్తరం వచ్చే జీపులోనే సుక్కా కూడా వస్తాడు. ఆదివారం మన ఇంట్లో ఎవరుంటారో నాకు తెలుసు. ఇంకో రోజు పొమ్మని ఆయన్ను ఆపి ఉండొచ్చు. ఆపలేదు.

నిన్ను బతిమాలను నాయినా. నువ్వు ఏం చెప్పాలో నేను చెప్పను. లేదనాలనుకుంటే లేదని చెప్పు. అప్పుడు నేను ఊరికి వచ్చి, భూషణం ఇంటి ముందు నిలబడి ఉందని చెప్తాను. ఇక నవ్వే బొమ్మ చూపించను.

రేణుక


సోమవారం, పొద్దున

బిడ్డా,

మంచు తగ్గింది. మొదటి కోత సగం అయింది. ఎండబెట్టడానికి కళ్ళం అలికించాను.

నిన్న భూషణం, వీరేందర్, ఇంకో ఇద్దరు పెద్దలు పొద్దున్నే వచ్చారు. మంచాలు వేశాం. దీప చాయ్ ఇచ్చింది. ముహూర్తం మాట ఎత్తబోతుంటే జీపు ఆగింది. సుక్కా దిగి నేరుగా నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నీ ఉత్తరం అప్పటికి నా చేతికి రాలేదు, నాగరాజు జేబులోనే ఉంది. వచ్చినవాడు ఎవడో నాకు తెలియదు, కూలికి వచ్చాడేమో అనుకున్నాను.

ఏదో అడిగాడు. నాకు వినపడలేదు. నా చెవి సంగతి వాడికి గుర్తొచ్చి, నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు. "నీ బిడ్డకు సికిల్ రోగం ఉన్నదా?"

అది వినపడింది. మంచాల మీద వాళ్ళకు వినపడింది. వీధి అవతల గొర్రెలు కాసేవాళ్ళకు వినపడింది. నేను వినపడనట్టు చెవి దగ్గర చేయి పెట్టుకున్నాను. చెవుడు వచ్చినప్పటి నుంచి అది నాకు అక్కరకు వస్తూనే ఉంది.

వాడు మళ్ళీ అరిచాడు. "నా బిడ్డను బడిల ఉంచాల్నా తీస్కపోవాల్నా, నీ మాట మీద ఉన్నది. ఒకదాన్ని మట్టిల పెట్టిన. నిజం జెప్పు."

భూషణం నన్నే చూస్తున్నాడు. నేను వీరేందర్‌ను చూశాను. తర్వాత సుక్కాను చూశాను.

"ఉన్నది," అన్నాను. "పుట్టినప్పటి నుంచి ఉన్నది. ఎవ్వరికీ చెప్పొద్దని నేనే చెప్పిన."

"మరి బడికెట్ల పంపినవ్?"

"పంపకపోతే నా లెక్కనే మిరప బస్తాలు మోస్తదని పంపిన."

"సచ్చిపోతదని భయం కాలేదా?"

"అయింది. ఇప్పటికీ అయితది. అయినా పంపిన."

సుక్కా తల ఊపి, అరుగు మీద కూచున్నాడు. దీప వాడికి కూడా చాయ్ ఇచ్చింది.

భూషణం లేచాడు. "ఏంది బావా, మాకు ఒక్క మాట చెప్పకపోతివి?" అన్నాడు.

"చెప్తే వచ్చేటోళ్ళా?"

"రాకపోదుం."

"అందుకే చెప్పలే."

వాళ్ళు అన్నం తినలేదు. వీరేందర్ చాయ్ మాత్రం మొత్తం తాగాడు. పోయేటప్పుడు నీ బడికి ఏ దారి అని నాగరాజును అడిగాడట. నాగరాజు చెప్పాడు, ఎంత నమ్మాలో నీకే తెలుసు.

వాళ్ళు పోయాక నీ ఉత్తరం చదివాను. బెదిరించినట్టు రాశావు. నన్ను బెదిరించే పని లేదు, అప్పటికే చెప్పేశాను.

ఈ ఉత్తరం సుక్కా చేతికే ఇస్తున్నాను. రాత్రి మన ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున నేను వద్దన్నా నాతో చేలోకి వచ్చి జీపు వచ్చేదాకా కోశాడు. చేయి వేగం.

వేడినీళ్ళు నువ్వు కూడా పోసుకో.

రాఘవులు


మంగళవారం

నాయినా,

ఈ రోజు ఎండ వచ్చింది. దుప్పట్లన్నీ బయట ఆరేశాం. కట్టెలకు నేను పోలేదు, నాకు నిన్నటి నుంచి మోకాలు నొప్పి. పూనం మేడంకు ఆ మాట చెప్పి గదిలోనే కూచున్నాను. ఆమె కుర్చీ పంపించింది.

సుక్కా మేడం ముందు నిలబడి చెప్పాడు: "ఉంచుకోండ్రి. జరం వస్తే నాకు కబురు ముందల రావాలె, తరువాత కాదు." మేడం పిల్లలందరినీ పిలిచి, ఇక ఒళ్ళు బాగాలేదని చెప్తే జీపు ఆసుపత్రికే పోతుంది, ఇంటికి కాదని హిందీలో చెప్పింది. నేను దోర్లీలో చెప్పాను. నమ్మినట్టు లేరు. కొన్నాళ్ళు పడుతుంది.

ఈ పొద్దున సోమి తనే వచ్చి లోపల పెట్టిన అట్ట అడిగింది. చివరి నుంచి రెండో బొమ్మ మీద వేలు పెట్టి, చేయి తీయకుండా మేడం గది వైపు చూసింది. ఎవరూ జీపును పిలవలేదు. గోలీ వేసి, వేడినీళ్ళు తాగించి పడుకోబెట్టాను. మధ్యాహ్నం లెక్కల తరగతికి లేచి వెళ్ళింది.

సుక్కా నిన్న మూడు గంటలకు వెళ్ళాడు. ఒక్కడే.

రేణుక